కళ్ళు మూసుకుంటే మురిసిపోకండి: ఇగ్వానా పెంచేవాళ్ళ ఉత్తరాలు

పోయిన నెల ఇదే శీర్షికలో కుక్కల పెంపకం గురించి రాస్తూ, మా ఇంట్లో ఒక ఇగ్వానా కూడా ఉందని మాటవరసకు ఒక్క వాక్యం రాశాను. కుక్కల మీద రెండు ఉత్తరాలు వచ్చాయి. ఇగ్వానా మీద పంతొమ్మిది! వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల ఇన్ని ఇళ్ళలో ఇవి ఉన్నాయని నాకే తెలియదు. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి పదింటికి జవాబు రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇగ్వానా అంటే మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే పెద్ద పచ్చ బల్లి. వీపు పొడవునా రంపం పళ్ళలాంటి ముళ్ళు, గొంతు కింద ఆవు గంగడోలులా వేలాడే తోలు. తినేది ఆకులూ పూలూ. తోకతో కలిపి ఐదారు అడుగులు పెరుగుతుంది, బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. దుకాణంలో జానెడు పిల్లను చూపించి అమ్మేవాడు ఈ రెండు లెక్కలూ చెప్పడు.

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని. 2014 ఆగస్టులో నా స్టూడెంటు ఒకడు ఎంఎస్ చదవడానికి అమెరికా పోతూ, "మేడమ్, పదిహేను రోజులు ఉంచుకోండి, మా బావ వచ్చి తీసుకుపోతాడు" అని ఒక కేజ్ మా వరండాలో దించిపోయాడు. బావ ఇంకా రాలేదు.

*

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మా అబ్బాయి చదువుకోవడానికి అమెరికా పోయాడు. వాడి ఇగ్వానా నా నెత్తిన పడింది. మూడడుగులు ఉంటుంది. నేను గదిలోకి పోగానే తల కిందికీ పైకీ ఊపుతుంది. నీకు దండం పెడుతున్నదని మా ఆయన అంటారు. దండం పెట్టేది గిన్నె పెట్టబోతే తోకతో ఎందుకు కొడుతుంది?
ఒక తల్లి, కరీంనగర్

చెల్లె, మీ కష్టం నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది! మన దగ్గర అమెరికా పోయే ప్రతి పిల్లగాడూ వెనక ఏదో ఒకటి వదిలిపోతాడు. కొందరు బైకు, కొందరు బ్యాంకు అప్పు. మీ వాడు ఇగ్వానాను వదిలాడు.

మీ వారు అన్నది పూర్తిగా తప్పని చెప్పలేను, అది పలకరింపే గాని, అది దండం మాత్రం కాదు. నిదానంగా ఒకటి రెండు సార్లు తల ఎత్తి దించిందంటే, ఊళ్ళో పెద్దమనిషి అరుగు మీద కూర్చొని దారిన పోయేవాణ్ణి చూసి గడ్డం ఎగరేసినట్టు. "చూశాను, ఇక్కడ నేనున్నాను" అంటోంది. దానికి మీరు భయపడే పని లేదు. గబగబా ఊపుతూ, మధ్యలో తలను పక్కలకు కూడా వణికించిందంటే కోపం మీద ఉంది. అప్పుడు గిన్నె అక్కడ పెట్టేసి వెనక్కి రండి.

అయినా తల కంటే తోక మీద కన్ను వెయ్యండి. కొట్టబోయే ఇగ్వానా చెప్పకుండా కొట్టదు. ముందు మీకు అడ్డంగా తిరుగుతుంది, ఒళ్ళు పక్కల నుంచి నొక్కినట్టు పలచగా చేసుకొని ఎత్తు పెంచుకుంటుంది, కాళ్ళ మీద లేస్తుంది, గంగడోలు విప్పుతుంది. తోక చివర పిల్లి తోకలాగా అటూ ఇటూ మెదులుతుంది. ఆ మెదలడం ఆగి తోక విల్లులా వంగిందంటే మీకు ఇక ఒకటి రెండు క్షణాలే ఉన్నాయి. మొదట్లో నాకు ఇదంతా ఒక్కసారే జరిగినట్టు ఉండేది. ఆరునెలలు చూశాక ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కనిపించడం మొదలైంది. గంగడోలు విప్పిన ప్రతిసారీ కోపమని కూడా అనుకోకండి. పొద్దున ఎండలో కూర్చొని విప్పితే వేడి పట్టుకుంటోంది, అంతే.

మరి గిన్నె పెట్టేటప్పుడే ఎందుకంటే, మీరు దాన్ని పై నుంచి దించుతున్నారని నా అనుమానం. దాని నడినెత్తి మీద జాగ్రత్తగా చూడండి, గుండ్రటి లేతరంగు పొలుసు ఒకటి కనిపిస్తుంది. అది మూడో కన్ను. ఆ కంటికి బొమ్మ కనపడదు, వెలుగూ నీడా తెలుస్తాయి. అడవిలో నెత్తి మీద నీడ పడిందంటే గద్ద వచ్చిందని అర్థం. మీ చెయ్యి ఎంత ప్రేమగా వచ్చినా పై నుంచి వస్తే ఆ కంటికి గద్దే. కేజ్‌కు పక్క తలుపు ఉంటే అందులోంచి, దాని ఎత్తులోనే, ముందు నాలుగు మాటలు మాట్లాడి అప్పుడు గిన్నె జరపండి. కేజ్ నేల మీద ఉంటే ఒక బల్ల మీదకు ఎక్కించండి. చెట్టు కొమ్మల్లో బతికే జీవి, మన మోకాళ్ళ దగ్గర ఉంటే రోజంతా భయపడుతూనే ఉంటుంది.

తోక పట్టుకొని మాత్రం ఎప్పుడూ లాగకండి. ఇంటి బల్లిలాగే తోక వదిలేసి పోతుంది. మళ్ళీ మొలుస్తుంది గాని పొట్టిగా, నల్లగా, అతుకు పెట్టినట్టు ఉంటుంది.

ఈసారి మీ అబ్బాయి వీడియో కాల్ చేసినప్పుడు "తిన్నావా" అని అడిగాక, "ఆ బల్బు ఎప్పుడు మార్చావు" అని కూడా అడగండి. ఎందుకో కింద ఇంకో ఉత్తరంలో ఉంది.

*

ప్రశ్న: మేడమ్, నా ఇగ్వానాకు నేనంటే ప్రాణం. ఒళ్ళో పెట్టుకొని తల నిమిరితే కళ్ళు మూసుకొని అలాగే ఉండిపోతుంది. మా హాస్టల్ ఫ్రెండ్స్ నమ్మట్లేదు. మీరైనా చెప్పండి.
ఒక విద్యార్థిని, హనుమకొండ

బిడ్డా, నేనూ నీలాగే మురిసిపోయినదాన్ని. నాలుగు నెలలు. సాయంత్రం చాయ్ తాగాక దాన్ని ఒళ్ళో పెట్టుకొని నిమిరేదాన్ని, అది కళ్ళు మూసుకొని కదలకుండా ఉండేది. ఇన్నేళ్ళు సరీసృపాల పాఠం చెప్పాను, ఇప్పుడు ఒకటి నా ఒళ్ళో నిద్రపోతోంది అని గొప్పగా ఉండేది. ఒకరోజు నా దగ్గర చదివిన అమ్మాయి, ఇప్పుడు పశువుల డాక్టరు, చూడటానికి వచ్చింది. కాసేపు చూసి, "మేడమ్, దాని పక్కలు చూడండి" అంది. చూశాను. ఊపిరి గబగబా కొట్టుకుంటోంది. గోళ్ళు నా చీర కుచ్చిళ్ళలోకి దిగి ఉన్నాయి. నా వైపు కన్ను మూసి ఉంది. గోడ వైపు కన్ను తెరిచే ఉంది, తలుపు ఎక్కడుందో చూసుకుంటోంది.

పెళ్ళిలో దూరపు చుట్టం ఎవరో బుగ్గలు గిల్లుతుంటే చిన్నపిల్ల కళ్ళు గట్టిగా మూసుకొని ఎప్పుడు వదులుతారా అని బిగుసుకొని నిలబడుతుంది చూడు, నాలుగు నెలలు నేను ఆ చుట్టాన్ని. ఆ వారంలోనే తోక దెబ్బకు నా కళ్ళద్దాలు పోయాయి. పాపం దానికి ఇంకో భాష లేదు.

నీది కూడా అలాగే అని నేను ఇక్కడి నుంచి తీర్పు చెప్పను. నువ్వే చూసుకో. నిమిరేది ఆపి చెయ్యి తీసెయ్యి. తలుపులు వేసిన గదిలో, పారిపోవడానికి దారి ఇచ్చి, పది నిమిషాలు ముట్టుకోకుండా కూర్చో. చెయ్యి తీయగానే దిగి పరుపు కిందికి దూరిందంటే ఇన్నాళ్ళూ ఓర్చుకుందన్నమాట. అక్కడే ఉండి, వెనక కాళ్ళు వెనక్కి చాపి, పొట్ట పరుపుకు ఆనించి, తోక వదులుగా పడేసి, నాలుకతో నీ చెయ్యి తాకి చూసిందంటే నిన్ను ఒప్పుకున్నట్టు. ఆ నాలుకతోనే అది వాసన పట్టేది. నీ ఎదురుగా తిన్నదంటే ఇంకా మంచి గుర్తు, భయం మీద ఉన్న జీవి తినదు.

మా దానికి గడ్డం కింద, దవడ పక్కన నిమిరితే ఇష్టం. నడినెత్తి మీద చెయ్యి పెడితే ఈ రోజుకూ మూతి తిప్పుకుంటుంది.

*

ప్రశ్న: మాది ఐదు నెలల పిల్ల. చెయ్యి పెట్టగానే కేజ్ అంతా పిచ్చి పట్టినట్టు పరుగెడుతుంది, మూతి గీరుకుపోయింది. మచ్చిక చెయ్యడానికి ఎన్ని రోజులు పడుతుంది? రోజూ బలవంతంగా పట్టుకుంటే అలవాటైపోతుందని అమ్మినవాడు చెప్పాడు.
మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు

అమ్మినవాడు ఇంకో పిల్లను కూడా అమ్మాలనుకుంటున్నాడేమో తమ్మీ.

రోజులు అడిగారు, నేను నెలలు చెప్తాను. త్వరగా అయితే మూడు నాలుగు. మా దానికి ఏడాది దాటింది, అందులో మొదటి నాలుగు నెలలు నేను చేసిన చెడగొట్టుడే ఉంది. పిల్లగా ఉన్నప్పుడు అడవిలో దాన్ని తినని జీవి లేదు, పాములు, పక్షులు, అన్నీ. పుట్టిన దగ్గర నుంచి దానికి తెలిసిన విద్య ఒక్కటే, పారిపోవడం.

ఒక పదిహేను రోజులు దాని జోలికి పోకండి. తిండి, నీళ్ళు, శుభ్రం, అంతే. కేజ్‌కు మూడు వైపులా గుడ్డ కప్పితే కాస్త ధైర్యంగా ఉంటుంది. మీరు తొడిగి విడిచిన పాత బనియనో, తువ్వాలో ఒకటి లోపల వెయ్యండి. వాసనకు అలవాటు పడటం సగం పని. నేను నా పాత నేత చీర ముక్క వేశాను, ఇప్పటికీ దాని మీదే పడుకుంటుంది.

తర్వాత రోజూ ఒకే వేళకు, కేజ్ పక్కన కుర్చీ వేసుకొని పేపరు చదవండి. పైకి చదవండి. దాని వైపు తేరిపార చూడకండి, తదేకంగా చూసేది వేటాడే జంతువే. నేను జిల్లా ఎడిషన్ మొత్తం చదివేదాన్ని, మార్కెట్ యార్డులో పత్తి ధరలతో సహా. మూడో వారానికి పేజీ తిప్పితే ఉలిక్కిపడటం మానింది. అప్పుడు తలుపు తెరిచి, చెయ్యి లోపల ఒక మూల ఊరికే ఆనించి పెట్టండి, కదపకండి. ఇంకొన్నాళ్ళకు ఆ చేతిలో మందార పువ్వు. మందారానికి లొంగని ఇగ్వానాను నేను చూడలేదు. మొదట పువ్వు లాక్కొని పారిపోతుంది. తర్వాత చేతి మీద కాలు పెట్టి తింటుంది. ఆ కాలు అది పెట్టాలి, మీరు లాగి పెట్టుకోకూడదు.

ఎత్తుకునే రోజు వచ్చినప్పుడు, పక్క నుంచి ఒక అరచెయ్యి ఛాతీ కిందికి, రెండోది నడుము కిందికి పోనివ్వండి. నాలుగు కాళ్ళకూ కింద ఏదో ఒకటి ఆనాలి. కాలు గాల్లో ఉంటే పడిపోతున్నానని గింజుకుంటుంది. మీరు నేల మీద కూర్చొని చెయ్యండి, జారినా దెబ్బ తగలదు. గింజుకోగానే కేజ్‌లో వేసేస్తే, గింజుకుంటే వదులుతారని నేర్చుకుంటుంది. ఒక్క నిమిషం నెమ్మదించే దాకా నిబ్బరంగా పట్టుకొని, నెమ్మదించాక దించండి. వెంటపడి మూలకు తరిమి పట్టుకోవడం మాత్రం వద్దు, ఒక్క రోజు తరిమితే నెల వెనక్కి పోతారు. గదిలో వదిలేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. అవి కర్టెన్ పట్టుకొని ఎక్కడిదాకా పోతాయో చూస్తేగాని నమ్మరు.

మూతి పుండు పడితే జాలీ మార్చండి, గరుకు ఇనుప జాలీ వద్దు.

*

ప్రశ్న: మా ఇగ్వానా మొన్నటి దాకా దగ్గరికి రానిచ్చేది కాదు. డిసెంబర్ నుంచి చాలా మంచిగా అయింది. చేతిలో పెట్టుకుంటే గంటలు గంటలు కదలదు. తిండి మాత్రం తగ్గించింది. రంగు కొంచెం నల్లబడింది. మచ్చిక అయినట్టేనా?
ఆదిలాబాద్

కాదు. చలికి బిగుసుకుపోయింది. ఈ జవాబు చదివిన రోజే దాన్ని వెచ్చబెట్టండి.

మన ఒంట్లోలాగా దాని ఒంట్లో పొయ్యి లేదు. బయట వేడి ఎంతో అదీ అంతే. చల్లబడితే కండరాలు పని చెయ్యవు, పారిపోవాలన్నా చేతకాదు. తిన్నది అరగక కడుపులోనే కుళ్ళుతుంది, అందుకే తిండి మానింది. నల్లబడింది కూడా అందుకే, ముదురు రంగు ఎండను ఎక్కువ పట్టుకుంటుంది కదా. అమెరికాలో ఫ్లోరిడాకు ఇవి పెంపుడు జీవాలుగా వచ్చి, తప్పించుకొని అడవిలో వేలకు వేలు అయ్యాయి. అక్కడ చలి బాగా పడిన రాత్రుల్లో కొమ్మల మీద బిగుసుకుపోయి చెట్ల మీద నుంచి టపటపా రాలతాయి. వాతావరణ శాఖవాళ్ళు జనానికి హెచ్చరిక ఇస్తారు. మీ ఆదిలాబాద్ చలి ఆ చలికి తీసిపోయేది కాదు.

పగలు అది ఎక్కి కూర్చునే కొమ్మ దగ్గర 35 డిగ్రీల దాకా ఉండాలి, కేజ్‌లో ఇంకో మూల 27 దగ్గర. రాత్రి 23 కంటే దిగనివ్వకండి. వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సెరామిక్ హీటర్ బల్బులు దొరుకుతాయి, చుట్టూ జాలీ బిగించి పెట్టండి. బొగ్గుల కుంపటి వద్దు, పొగకే పోతుంది. వేడి రాయి అని అమ్ముతారు, అదీ వద్దు. పొట్ట కాలుతున్నా వాటికి సరిగా తెలియదు. మా హనుమకొండలోనే డిసెంబర్ రాత్రులు నేను కేజ్ మీద రెండు దుప్పట్లు కప్పుతాను.

వెచ్చబడ్డాక అది మళ్ళీ మీ మీద తోక విసురుతుంది. విసిరితే బాగైందని సంతోషించండి.

*

ప్రశ్న: మా ఇగ్వానా రోజూ తుమ్ముతుంది. ముక్కు చుట్టూ తెల్లగా పొడి. జలుబుకు ఏం మందు వెయ్యాలి?
జనగామ

ఏ మందూ వద్దు. అది ఉప్పు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ముక్కులో ఉన్న గ్రంథి నుంచి తుమ్మి పారేస్తుంది. అద్దం మీద పడి ఎండితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. చిక్కటి చీమిడి, మూతి దగ్గర నురగ, చల్లగా ఉన్నప్పుడు కూడా నోరు తెరిచి ఊపిరి తీయడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరు దగ్గరికి పోండి. బాగా వేడిగా ఉన్న చోట కూర్చొని నోరు తెరిస్తే మాత్రం ఒళ్ళు చల్లబరచుకుంటోంది, కాస్త నీడ చూపించండి.

*

ప్రశ్న: మూడేళ్ళ మగది. నా భుజం మీద తిరిగేది. దసరా పోయినప్పటి నుంచి కాళ్ళు, వీపు ముళ్ళు నారింజ రంగుకు వచ్చాయి. బీరువా అద్దం మీదకు దూకుతోంది. మొన్న మా బామ్మర్దిని పిక్క మీద కరిచింది. ఏదైనా సోకిందా?
గోదావరిఖని

వయసు సోకింది. ఈడొచ్చిన మగవాటికి ఏటా కొన్ని నెలలు ఇది తప్పదు. ఇళ్ళల్లో పెరిగేవాటికి ఎక్కువగా చలికాలమే ఆ కాలం. అద్దంలో కనిపించేది దానికి ఇంకో మగది, తన ఇలాకాలో చొరబడ్డది. బీరువా అద్దానికి న్యూస్‌పేపర్ అంటించండి, సగం గొడవ అక్కడే పోతుంది. సాయంత్రం కిటికీ అద్దంలో కూడా దాని బొమ్మ పడుతుంది, కర్టెన్ వెయ్యండి.

ఈ రెండు మూడు నెలలు భుజం మీద ఎక్కించుకోకండి. ముఖం దగ్గరికి అసలే రానివ్వకండి. గదిలో వదిలితే ప్యాంటు వేసుకోండి, దానికి వీపు తిప్పి నిలబడకండి. పాత తువ్వాలు గట్టిగా చుట్ట చుట్టి లోపల పడేస్తే కోపమంతా దాని మీద తీర్చుకుంటుంది. కొట్టడం, నీళ్ళు చల్లడం లాంటివి చేస్తే మీరు కూడా ఇంకో మగ ఇగ్వానాయే అని ఖాయం చేసుకుంటుంది.

కరిచినప్పుడు లాక్కోవద్దు. పళ్ళు చిన్నవే గాని రంపంలా ఉంటాయి, లాగితే తోలు చీలుతుంది. కళ్ళ మీద గుడ్డ కప్పి, వదిలేదాకా ఓర్చుకోవాలి. చెప్పడం సులువే లెండి. బామ్మర్దికి సబ్బుతో బాగా కడిగి టీటీ సూది వేయించారా? లేకపోతే దవాఖానకు పోయి డాక్టరుకు చూపించండి.

*

ప్రశ్న: మాకు చేను దగ్గర ఉడుము పిల్ల దొరికింది. ఇగ్వానాలాగే ఉంది. దీన్ని మచ్చిక చెయ్యొచ్చా?
ములుగు జిల్లా

దొరికిన చోటే వదిలేసి రండి, ఈ రోజే. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న జాబితా అది. పట్టినా, పెంచినా, చంపినా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. "పిల్లలకు చూపించడానికి తెచ్చాను" అంటే వినరు. చూడటానికి ఒకలా ఉన్నా ఉడుము మాంసాహారి, ఇగ్వానాకు దానికి చుట్టరికం కూడా దూరమే. దాని నూనె నొప్పులకు మంచిదని, దాని అవయవాన్ని ఎండబెట్టి "హత్తా జోడి" వేరు అని అమ్మేవాళ్ళు ఉన్నారు. అది వేరూ కాదు, దానితో లక్ష్మీ రాదు.

ఈ మాట వచ్చింది కాబట్టి ఇగ్వానా ఉన్నవాళ్ళు కూడా వినండి. ఇది విదేశీ జీవి గనుక ఏమీ అక్కరలేదనే రోజులు పోయాయి. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ పెట్టే సైటిస్ అనే ఒప్పందం రెండో అనుబంధంలో ఇగ్వానా ఉంది. మన చట్టాన్ని 2022లో సవరించి అలాంటి జీవాలను కూడా అందులో చేర్చారు, 2024లో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. కాగితం లేని పిల్లను సగం ధరకు ఇస్తానంటే కొనకండి. మాది నమోదు చెయ్యడానికి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. జాతి పేరు గడిలో నేను రాసేది మా మనవడు నాలుగుసార్లు దిద్దాడు.

*

ప్రశ్న: మా ఇగ్వానా భయంతో ఎప్పుడూ వణుకుతుంది. ముట్టుకోకపోయినా కాలి వేళ్ళు అదురుతాయి. దవడ కొంచెం వాచింది. బ్రెడ్డు, ఉడికిన గుడ్డు, పాలకూర పెడుతున్నాం. కిటికీ పక్కన అద్దాల అక్వేరియంలో ఉంచాం, ఎండ బాగా వస్తుంది. భయం ఎలా పోగొట్టాలి?
వరంగల్

ఇది భయం కాదు తల్లీ. అన్ని ఉత్తరాల్లో నాకు దిగులు పుట్టించింది ఇదే. భయపడే ఇగ్వానా వణకదు, బిగుసుకుంటుంది, లేదా పరుగెడుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు వేళ్ళు అదరడం, దవడ వాచి మెత్తబడటం, తొడలు లావెక్కినట్టు కనిపించడం, ఇవి ఒంట్లో కాల్షియం చాలక ఎముకలు కరుగుతున్న గుర్తులు. ఈ వారం దాటనివ్వకండి. మామునూరు వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, అక్కడ అడగండి. ఎత్తేటప్పుడు జాగ్రత్త, ఎముక విరిగే స్థితిలో ఉండవచ్చు.

ఎండ అద్దం గుండా వస్తుంది గాని అందులో ఉండాల్సిన యూవీబీ కిరణాలు అద్దం దగ్గరే ఆగిపోతాయి. అవి ఒంటికి తగలకపోతే డి విటమిన్ తయారు కాదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. పైగా మన ఎండాకాలంలో అద్దాల పెట్టెను ఎండలో పెడితే గంటలో ఉడికిపోతుంది. జాలీ కేజ్‌లో, సగం నీడ ఉండేట్టు, పొద్దుటి ఎండలో డాబా మీద పెట్టండి, దగ్గరే ఉండండి. లోపలికి యూవీబీ బల్బు కావాలి. ఆ బల్బు వెలుగుతూనే ఉంటుంది గాని ఆరు నెలల నుంచి ఏడాది లోపు దాని కిరణాల బలం తగ్గిపోతుంది, కొత్తది మార్చాలి. కరీంనగర్ చెల్లెకు చెప్పిన బల్బు సంగతి ఇదే.

గుడ్డు, బ్రెడ్డు, కుక్కల తిండి అన్నీ ఆపండి. మాంసకృత్తులు ఎక్కువైతే ఏళ్ళ మీద మూత్రపిండాలు చెడతాయి. పాలకూరలో ఆక్సలేట్లు ఉంటాయి, కాల్షియాన్ని పట్టుకొని వదలవు. పుంటికూర మనకు ప్రాణమే గాని అదీ అంతే. మునగాకు పెట్టండి, అందులో కాల్షియం దండిగా ఉంటుంది, మన పెరట్లో ఊరికే దొరుకుతుంది. మల్బరీ ఆకు, మందార ఆకులు, పూలు, గుమ్మడి, సొర, బీర తురుము, అప్పుడప్పుడు బొప్పాయి ముక్క. బతుకమ్మ రోజుల్లో మిగిలిన పూలు వేస్తున్నామని ఒకరు రాశారు. బజారు పూల మీద ఏ మందు కొట్టారో తెలియదు, వెయ్యకండి. తంగేడు అసలే వద్దు.

*

ప్రశ్న: ఆడదా మగదా ఎలా తెలుస్తుంది?
నర్సంపేట

తొడల లోపలి వైపు ఒక వరసలో చుక్కలుంటాయి. పెద్దయ్యాక మగవాటికి అవి లావుగా, మైనం ముక్కలు గుచ్చినట్టు పొడుచుకొస్తాయి. ఆడవాటికి చిన్నగా ఉంటాయి. మగవాటి దవడలు, గంగడోలు కూడా పెద్దవి. రెండేళ్ళ లోపు చెప్పడం కష్టం.

నేను జువాలజీ చదివి కూడా మా దానికి రాజయ్య అని పేరు పెట్టాను. మూడో ఏడు చలికాలం చివర్లో తిండి మానేసి, రాత్రింబగళ్ళు గది మూలలు గీకడం మొదలుపెట్టింది. కోపం అనుకున్నాను, మగదే కదా. ఒక మధ్యాహ్నం వరండా తలుపు సందులోంచి తప్పించుకుపోయి మా తులసికోటలో మట్టి తవ్వి ముప్పై ఒక్క గుడ్లు పెట్టింది. మగ తోడు లేకపోయినా గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పిల్లలు కావు. అప్పటి నుంచి రాజమ్మ. మీది ఆడదైతే తడి ఇసుక కలిపిన మట్టి తొట్టి ఒకటి ముందే పెట్టండి. తవ్వే చోటు లేక గుడ్లు లోపలే ఆగిపోతే ప్రాణం మీదకు వస్తుంది. మా తులసి మళ్ళీ నాటుకున్నాను.

*

ప్రశ్న: ఆంటీ, మా ఇగ్వానా పేరు బాహుబలి. దానికి నేనెవరో తెలుసా? పిలిస్తే ఎందుకు రాదు?
నాలుగో తరగతి, పరకాల

నువ్వెవరో దానికి తెలుసురా కన్నా. మా రాజమ్మ నేను గదిలోకి వస్తే నిదానంగా ఒక్కసారి తల ఎత్తి దించుతుంది. పాలు పోసే అబ్బాయి వస్తే ఒళ్ళు పలచగా చేసుకుంటుంది. ఎనిమిదేళ్ళుగా రోజూ వస్తున్నాడు, అయినా అంతే. కానీ పేరుకు పలకదు. రాజయ్య అన్నప్పుడూ పలకలేదు, రాజమ్మ అన్నా పలకదు. స్టీలు ప్లేటు గచ్చు మీద పెట్టిన చప్పుడుకు మాత్రం పక్క గదిలోంచి లేచి వస్తుంది. నువ్వు కూడా రోజూ ఒకే ప్లేటులో, ఒకే వేళకు పెట్టి, పెట్టేముందు ప్లేటు మీద చెంచాతో రెండుసార్లు కొట్టు. ఒక నెల చేసి ఏమైందో నాకు రాయి.

ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. ముద్దు పెట్టకు. మీ ఇంట్లో చిన్న చెల్లో తమ్ముడో ఐదేళ్ళ లోపు ఉంటే వాళ్ళను దూరం నుంచి చూడమను. బాహుబలి కేజ్ కడిగిన నీళ్ళు వంటింటి సింకులో పోయొద్దని అమ్మకు నా మాటగా చెప్పు.